కౌంటర్ అవతల నిలబడ్డవాడు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ చదివాను. బిల్లు కట్టే దగ్గర డబ్బు చాలని ఒక పెద్దావిడ, తక్కువ పడ్డది తన జేబులోంచి వేసిన కౌంటర్ కుర్రాడు, చివర్లో ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. వాక్యం బాగా కుదురుతోంది నీకు. కథ మాత్రం ఇంకా కుదరలేదు. ఎందుకో చెప్తాను, చిన్నబుచ్చుకోకు.

నీ కథలో దయ మరీ చవగ్గా దొరికింది. కుర్రాడు జేబులో చెయ్యి పెట్టాడు, డబ్బు తీశాడు, పని అయిపోయింది. అతనికి దానివల్ల ఏమవుతుందో నువ్వు ఆలోచించలేదు. రోజంతా ఎవరెవరి డబ్బో లెక్కపెట్టే మనిషి అతను. షిఫ్టు దిగేముందు గల్లాలో ఉన్నదీ మెషీన్ చూపించేదీ సరిపోవాలి. తేడా వస్తే సంజాయిషీ చెప్పుకోవాలి, కొన్నిచోట్ల జీతంలో కోత కూడా. ఒకసారి స్కాన్ చేసిన వస్తువుని బిల్లులోంచి తీసేయడం చాలా షాపుల్లో అతని చేతిలో ఉండదు, సూపర్‌వైజర్ రావాలి. ఆయన వచ్చేదాకా లైను ఆగుతుంది. వెనకవాళ్ళ మెడలు ముందుకి సాగుతాయి. పైన కెమెరా ఉండనే ఉంది.

అసలు ఆ మెషీన్ పుట్టిందే అనుమానంలోంచి. 1879లో అమెరికాలోని డేటన్‌లో జేమ్స్ రిట్టీ అనే సెలూన్ యజమాని, అంటే మద్యం అమ్మే సెలూన్‌లే, పనివాళ్ళు డబ్బు నొక్కేస్తున్నారని తన సోదరుడితో కలిసి క్యాష్ రిజిస్టర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత వచ్చిన మెషీన్లలో అమ్మకం నమోదైనప్పుడల్లా గంట మోగేది, యజమాని చెవిన పడాలని. నీ కుర్రాడు నిలబడ్డది దాని ముందు. అతను చేసే మంచిపని దాని కళ్ళు కప్పి చేయాలి, లేదా దానికి లెక్క చెప్పి చేయాలి. ఏ దారి ఎంచుకున్నాడో రాయి.

దారులు చాలానే ఉన్నాయి. సొంత డబ్బు వేయొచ్చు. ఉద్యోగులకిచ్చే డిస్కౌంట్ ఆవిడ బిల్లుకి వాడొచ్చు, పట్టుబడితే ఉద్యోగమే పోవచ్చు. సూపర్‌వైజర్‌ని పిలిచి ఇద్దరూ కళ్ళతోనే మాట్లాడుకుని ఏదో తగ్గింపు వేయొచ్చు. నన్నడిగితే, పైసా ఖర్చుకాని దారే కథకి మేలు: "ఇవి ఇక్కడే పక్కన పెట్టి ఉంచుతానండీ, మీరు వీలు చూసుకుని రండి" అని మామూలు గొంతుతో అనడం. ఇందులో త్యాగం లేదు, సాక్షులు లేరు. ఆవిడ తల వంచుకోకుండా బయటికి నడవగలదు. నీకు ఇది చప్పగా అనిపించొచ్చు. ఒకసారి రాసి చూడు.

ఇక ఆవిడ సంగతి. ఒకప్పుడు కొట్టువాడే అడిగినవి ఒక్కొక్కటీ తీసి ఇచ్చేవాడు. డబ్బు అయిపోతోందనిపిస్తే అక్కడితో చాలనేవాళ్ళు, లేదా ఖాతాలో రాయించేవాళ్ళు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే షాపు తెరిచి, సరుకులు కొనేవాళ్ళనే తీసుకోనిచ్చాడు. ఆ పద్ధతి లోకమంతా పాకింది. అప్పట్నుంచి మొత్తం ఎంతైందో ఖాయంగా తెలిసేది చిట్టచివర, పదిమంది ముందు. ఆవిడ పడే అవమానంలో ఈ ఏర్పాటుకీ వాటా ఉంది. అందుకని ఆవిడ దరిద్రాన్ని వర్ణించిన ఆ పెద్ద పేరా తీసెయ్. భర్త పోయాడు, కొడుకు చూడడు, ఇవన్నీ ఎవరికోసం? కుర్రాడు అవేవీ అడగలేదు. ఆవిడ పర్సు ఇంట్లో మర్చిపోయిందేమో, కార్డు మొరాయించిందేమో అతనికి తెలియదు. తెలియకుండానే చేశాడు. నువ్వేమో సాయానికి ఆవిడ అర్హురాలే అని పాఠకుడికి సర్టిఫికెట్ చూపించావు.

ఆవిడ ఏ వస్తువుని ముందుగా వెనక్కిచ్చిందో చెప్పు, అది చాలు. తన మాత్రలా, మనవరాలి రంగు పెన్సిళ్ళా? మాత్రలు వెనక్కిచ్చి పెన్సిళ్ళు ఉంచుకుంటే ఆవిడ గురించి నువ్వు ఇంకో ముక్క రాయక్కర్లేదు. సబ్బు ఇచ్చేసి, మళ్ళీ తీసుకుని, ఇంకోటి ఇచ్చినా సరే. చేతులు తటపటాయించడం చూపించు, మొహం గురించి రాయకు.

కన్నీళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. అలాంటప్పుడు చాలామందికి ముందు వచ్చేది కోపం. "అక్కర్లేదు బాబూ, నా దగ్గర ఉన్నాయి" అని మళ్ళీ మళ్ళీ సంచి వెతుకుతారు. మొక్కుబడిగా ఓ థాంక్స్ చెప్పి గబగబా వెళ్ళిపోతారు. మంచి జరిగిన ఆ షాపుకే మళ్ళీ మొహం చెల్లక వెళ్ళనివాళ్ళూ ఉంటారు. ఇది కృతఘ్నత కాదు. దీన్ని దాచి కన్నీళ్ళు పెట్టించడం నాకు నచ్చలేదు.

ఒకవేళ నీ కుర్రాడు డబ్బే వేశాడనుకో, కథని మర్నాటికి జరపమంటాను. ఆవిడ ఆ డబ్బు తిరిగివ్వడానికి వచ్చింది. అతని షిఫ్టు కాదు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఏంచేయాలో తోచలేదు. స్కాన్ చేయడానికి వస్తువు లేదు, బిల్లు లేదు, గల్లాలో వేస్తే రాత్రికి లెక్క ఎక్కువొస్తుంది. ఎక్కువొచ్చినా సంజాయిషీయే. ఎవరిచ్చారో ఆవిడకి పేరు తెలియదు. ఆ అమ్మాయి పేరు చెప్తే, సొంత డబ్బు వేశాడని పైవాళ్ళకి తెలిసిపోతుంది. చెప్పకపోతే ఆవిడ కదిలేలా లేదు. వెనక మళ్ళీ లైను. ఇక్కడ ముగ్గురూ మంచివాళ్ళే, అయినా ముగ్గురికీ టెన్షనే. నీ మొదటి డ్రాఫ్ట్‌లో లేనిది ఇదే.

రాసేముందు కౌంటర్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే కూర్చుని మాట్లాడు. దయ గురించి అడక్కు, నీకు కావలసిన జవాబే చెప్తారు. లెక్క తేడా వస్తే ఏంచేస్తారో అడుగు, సరిపడా డబ్బు లేనివాళ్ళు వస్తే ఏ మీట నొక్కుతారో అడుగు. మిగతాది వాళ్ళే చెప్తారు.

తిరగరాశాక పంపు. కుర్రాడి పేరు మార్చకు, బాగుంది. సూపర్‌వైజర్‌ని మాత్రం దుర్మార్గుణ్ణి చేయొద్దు, ఆయనకీ పైన ఒకడుంటాడు.

ఉంటాను.