జబ్బు చేప అమ్మిన షాపు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. మా పాప పుట్టినరోజుకని చెన్నై కొళత్తూరులోని ఒక షాపు నుంచి రూ. 4,800 పెట్టి బ్లూ ట్యాంగ్ చేపను బస్సు పార్సిల్‌లో తెప్పించాను. డబ్బు యూపీఐలో పంపాను, బిల్లు ఇవ్వలేదు. చేప ఒంటి మీద తెల్లచుక్కలు కనిపిస్తే కవర్లో ఉండగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. ‘రెండు రోజుల్లో పోతాయి సార్, వేసేయండి’ అన్నాడు షాపతను. వేశాను. తొమ్మిదో రోజు చచ్చిపోయింది. ఆ వెనకే పాత చేపలు మూడూ పోయాయి. యూట్యూబ్‌లో చూసి కాపర్ మందు వేస్తే రొయ్యలు, నత్తలు కూడా చనిపోయాయి. పాప చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. షాపతను ‘లైవ్ అరైవల్ గ్యారంటీ ఒక్కటే మాది’ అంటూ తప్పించుకుంటున్నాడు. 23 నెలలు అయింది. కేసు వేయడానికి మూడేళ్లు ఉంటుంది కదా? తెలిసిన ఇంకో షాపాయన పాత తేదీతో బిల్లు రాసిస్తానన్నాడు. ఐదు లక్షలు అడగవచ్చా?

జవాబు: పాప అన్నం తినకపోవడం మీద కేసు నిలవదు. మీ ఉత్తరం మొత్తంలో కేసుకు ప్రాణం పోసేది ఒక్క మాట: చేప కవర్లో ఉండగానే ఫొటో తీశాను, షాపతను జవాబిచ్చాడు అన్నది. దాన్ని మీరు మధ్యలో ఎక్కడో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు.

ఎందుకంటే, అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న, ‘జబ్బు మా షాపులో వచ్చిందా, మీ ట్యాంకులో వచ్చిందా?’ అని. తెల్లచుక్కలు కలిగించే పరాన్నజీవి పేరు క్రిప్టోకారియన్. అది చర్మంలోకి దూరాక కంటికి ఆనే చుక్కగా ఎదగడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. మీరు చుక్కలను మూడో రోజునో నాలుగో రోజునో చూసి ఉంటే, మీ ట్యాంకులోనే అంటుకుందని వాళ్లు హాయిగా వాదించేవారు. మీ నీళ్లు తగలకముందే చుక్కలున్నాయి కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ప్రయాణం బడలికకు ఉన్న జబ్బు ముదరవచ్చు గానీ లేని పురుగు కొత్తగా పుట్టదు. ఇక లైవ్ అరైవల్ గ్యారంటీ అంటే చేప దారిలో చావదన్న హామీ. జబ్బు చేపను పంపడానికి అది లైసెన్సు కాదు. పైగా చుక్కలు చూపించినా వేసేయమన్నాడు.

ఇప్పుడు గడువు. మూడేళ్లని ఎవరు చెప్పారు? ప్రామిసరీ నోటు లెక్క ఇక్కడ పనికిరాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లే. చేప చచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే ఇంకో వారం కలిసొస్తుందని ఆశపడకండి, పార్సిల్ అందిన రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు మిగిలింది నెల కూడా కాదు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ తగిన కారణం చూపాలి. ఆఫీసులో బిజీగా ఉన్నానంటే వినియోగదారుల కమిషన్ వినదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, నోటీసు పంపినా గడువు ఆగదు. 23 నెలల పాటు షాపతనితో చాటింగ్ చేస్తూ కూర్చోవడం మాత్రం మీ తప్పే.

ఆ పాత తేదీ బిల్లు జోలికి పోకండి. అది ఫోర్జరీ. దాన్ని కమిషన్‌లో దాఖలు చేస్తే దొంగ సాక్ష్యం సృష్టించినట్టు కూడా. అక్కడ జరిగేది న్యాయ విచారణతో సమానం కాబట్టి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కింద మీరూ ఆ తెలిసిన షాపాయనా ముద్దాయిలవుతారు. రూ. 4,800 చేప కోసం జైలా? నిజానికి ఆ బిల్లు మీకు అవసరమే లేదు. డబ్బు ఇచ్చినట్టు యూపీఐ రికార్డు ఉంది. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతుంది. బిల్లు లేకపోవడం వాళ్ల మీద మోపాల్సిన ఆరోపణ. దొంగ బిల్లుతో దాన్ని మీరే చెరిపేసుకుంటారా?

మీ వైపు బలహీనతలు కూడా చెప్పాలి. పరీక్ష చేస్తేగానీ లోపం తేలని సరుకైతే నమూనాను ల్యాబుకు పంపించే వీలు అదే చట్టం 38వ సెక్షన్లో ఉంది. మీరు చేపను ఏం చేశారో రాయలేదు. చెత్తబుట్టలో వేసి ఉంటారు, చాలామంది చేసేది అదే. కాబట్టి ఆ ఫొటోలు చూపించి మత్స్యశాస్త్రం చదివిన నిపుణుడి దగ్గర అఫిడవిట్ తీసుకోండి. ముత్తుకూరు మత్స్య కళాశాలలో వాకబు చేస్తే దారి దొరుకుతుంది.

రెండోది, చుక్కలు కళ్లారా చూసి కూడా కొత్త చేపను విడి ట్యాంకులో ఉంచకుండా పాత చేపల మధ్య వేశారు. ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లకు క్వారంటైన్ అనేది ఓనమాలు. షాపతను వేసేయమన్నాడు కాబట్టి మూడు చేపల నష్టం కొంత అడగండి, మొత్తం వస్తుందని అనుకోవద్దు. రొయ్యల సంగతి పూర్తిగా వదిలేయండి. కాపర్, అంటే రాగి, వెన్నెముక లేని ప్రాణులకు విషం. యూట్యూబ్ చూసి పోసింది మీరు, షాపతను కాదు.

అందుకే ఐదు లక్షలు అడిగి నవ్వులపాలు కావద్దు. చేప ధర, పార్సిల్ ఖర్చు, పాత చేపల విలువలో కొంత భాగం, మానసిక వేదనకు పదో పదిహేనో వేలు, కోర్టు ఖర్చులు అడగండి. చెన్నై తిరగనక్కర్లేదు. మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ఈ రోజే వారం గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు వచ్చినా రాకపోయినా ఎనిమిదో రోజున ఫిర్యాదు వేయండి. వాట్సాప్ సంభాషణ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జత చేయండి. గ్యాలరీలోని అసలు ఫొటోను ముట్టుకోవద్దు, తీసిన తేదీ, సమయం అందులోనే ఉంటాయి. కేసు తేలేదాకా ఆ ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి.