కార్ల్‌టన్, మెకాలెస్టర్, గ్రినెల్: ఏది చవకో తేలకపోవడానికి కారణం

అమెరికాలోని కార్ల్‌టన్, మెకాలెస్టర్, గ్రినెల్ కాలేజీల్లో మీ అమ్మాయికి సీట్లు వచ్చాయి, వాటిలో ఏది చవకో తేలడం లేదన్నారు. అందుకు కారణం, బహుశా మీరు ఆ కాలేజీలు పంపిన ఆర్థిక సహాయ ఉత్తరాల్లోని ‘మొత్తం సహాయం’ అంకెలనే పోల్చడం. ఆ మొత్తంలో తిరిగి కట్టనక్కరలేని గ్రాంటుతో పాటు, వడ్డీతో తీర్చవలసిన రుణమూ, క్యాంపస్‌లో పనిచేస్తేనే చేతికందే వర్క్ స్టడీ జీతమూ కలిసిపోయి ఉండవచ్చు.

1. ట్యూషన్, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణం అన్నీ కూడి, అందులోంచి గ్రాంట్లను, స్కాలర్‌షిప్‌లను మాత్రమే తీసివేయండి. చాలామంది తప్పేది ఇక్కడే: మొదటి ఏడాది ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) రుణం 5,500 డాలర్లను కూడా తగ్గింపుగా లెక్కిస్తారు. అది తగ్గింపు కాదు, చెల్లింపును వాయిదా వేయడమే.

2. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ కొనసాగుతుందా, ఏ షరతుపైన కొనసాగుతుంది, ట్యూషన్ పెరిగితే అదీ పెరుగుతుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. పెరగకపోతే ఆ తేడా ఏటా మీపైనే పడుతుంది.

3. మిగిలిన అంకెలు దగ్గరగా ఉంటే చదువు తీరును చూడండి. కార్ల్‌టన్‌లో ఏడాదికి పది వారాల టర్ములు మూడు కాబట్టి వేగం ఎక్కువ. మిగతా రెండింటిలో సెమిస్టర్లు. గ్రినెల్‌లో మొదటి సెమిస్టర్ ట్యుటోరియల్ (చిన్న బృందంతో సాగే పరిచయ తరగతి) తప్ప అందరికీ తప్పనిసరి కోర్సులు లేవు, ఏం చదవాలో తెలిసిన పిల్లలకు ఇది వరమే. మెకాలెస్టర్ సెయింట్ పాల్ నగరంలోనే ఉంది; మిగతావి చిన్న ఊళ్లు.

4. ఇష్టమైన కాలేజీయే ఖరీదైతే, రెండో కాలేజీ ఉత్తరాన్ని జతచేసి, సహాయాన్ని పునఃపరిశీలించమని ఆర్థిక సహాయ విభాగానికి గడువులోపే రాయండి.