నాన్న చేత జీపీఏ రాయించే ముందు ఇది చదువు

చిన్నీ,

మొన్న ఫోన్లో "నాన్న చేత నా పేరున జీపీఏ రాయించేస్తే ఇక టెన్షన్ ఉండదు బాబాయ్" అన్నావు. ఉంటుందమ్మా. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ ఆ కాగితం, అంటే తన తరఫున పనులు చేసే అధికారం వేరొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చిన పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. "నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగితే "ఎవర్నీ గుర్తుపట్టడం లేదండీ, అందుకే నేనొచ్చాను" అంటారు, ఆ మాటతోనే చేతిలో ఉన్న పవర్ పోయిందని వాళ్ళకి తెలియదు. మన దేశంలో పవర్ ఇచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే ఆ పవర్ కూడా ఆగిపోతుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 201వ సెక్షన్. మీ అమెరికాలో డ్యూరబుల్ అని రాసుకుంటే ఆ తర్వాత కూడా నడుస్తుంది, ఇక్కడ ఆ మాట ఎంత పెద్ద అక్షరాలతో రాయించినా ఒరిగేదేమీ లేదు.

అలాగని జీపీఏ వద్దనడం లేదు. తల బాగానే ఉండి కాళ్ళు సహకరించని రోజులకి అది చాలా ఉపయోగం. అద్దెలు వసూలు చేయడం, ఇంటి పన్ను, కరెంటు ఆఫీసు, బ్యాంకు పనులు, కౌలు లెక్కలు, ఇవన్నీ విడివిడిగా రాయించు. డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఒక రెడీమేడ్ నమూనా ఉంటుంది, అందులో "విక్రయించుటకు, తాకట్టు పెట్టుటకు, దానమిచ్చుటకు" అని వరసగా దొర్లిపోతూ ఉంటుంది, అందరూ చదవకుండా సంతకం పెట్టేది అక్కడే. అమ్మే ఉద్దేశం లేనప్పుడు ఆ మూడూ తీయించెయ్. బ్యాంకు పనుల పేరా మాత్రం ముందే మేనేజర్‌కి చూపించి సరే అనిపించుకో, తర్వాత మా ఫార్మాట్ వేరు అంటే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకోటి, నీ పేరున ఎందుకు? నువ్వుండేది డాలస్‌లో. బ్యాంకుకి వెళ్ళాల్సింది, సంతకం పెట్టాల్సింది విజయవాడలో ఉన్న మీ చెల్లి. పవర్ దానికి ఇప్పించు, లెక్కలు నెలనెలా నీకు కూడా వాట్సాప్‌లో పెట్టమను. ఇది మీ ఇద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోండి, అల్లుళ్ళు మధ్యలోకి రాకముందే.

అసలు అన్నయ్యకి మనసులో ఉన్న భయం ఏంటో తెలుసా? బతికుండగానే అన్నీ లాగేసుకుంటున్నారని. నాతో అన్నాడులే. పవర్ ఇచ్చినా తన పనులు తను చేసుకోవచ్చని, నచ్చకపోతే రద్దు దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించి, చెల్లికీ బ్యాంకుకీ తెలియజేస్తే సరిపోతుందని నిదానంగా చెప్పు. దస్తావేజు తెలుగులోనే రాయించి పైకి చదివి వినిపించండి. ఈ మధ్య అడిగిందే మళ్ళీ అడుగుతున్నాడు కాబట్టి అదే రోజు డాక్టర్ దగ్గర, విషయం అర్థం చేసుకునే స్థితిలో ఉన్నాడని ఒక సర్టిఫికెట్ తీసుకోండి. పొద్దున్న పూట అయితే చురుగ్గా ఉంటాడు, రిజిస్ట్రేషన్ అప్పుడే పెట్టుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కలేనంటే దరఖాస్తు పెడితే ఇంటికే వచ్చి చేస్తారు, ఫీజు వేరే.

ఇప్పుడు జీపీఏ ఆగిపోయే రోజు సంగతి. దానికి ఒక్క కాగితం సరిపోదు, చిన్నచిన్నవి కొన్ని ఇప్పుడే చేసి పెట్టుకోవాలి. నాన్న ఖాతాలన్నీ అమ్మతో జాయింట్‌గా, ఐదర్ ఆర్ సర్వైవర్ కింద (ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే రెండోవాళ్ళకి చెందుతుంది) మార్పించు, నామినీలు సరిచూడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మానసిక వైద్యం అవసరమైతే తన తరఫున ఎవరు మాట్లాడాలో నాన్న తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. ఆ చట్టం జ్ఞాపకశక్తి బాగా దెబ్బతినడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఆస్పత్రి విషయం వేరు. కోలుకునే ఆశ లేని స్థితిలో, తను చెప్పలేనప్పుడు వెంటిలేటర్ లాంటివి పెట్టాలా వద్దా అని ముందే రాసుకోవడానికి సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలనేవారు, ఎవరు తిరుగుతారు చెప్పు. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. నిర్ణయం తీసుకునేవాళ్ళుగా మీ అక్కచెల్లెళ్ళిద్దరి పేర్లూ రాయించవచ్చు. ఒక కాపీ ఫ్యామిలీ డాక్టర్‌కి ఇవ్వండి.

ఇవేవీ లేకుండా మనిషి కోమాలోకి వెళితే హైకోర్టుకి వెళ్ళి గార్డియన్‌గా నియమించమని అడగాలి. లాయరు ఫీజులు, వాయిదాలు, అదో పెద్ద ప్రహసనం. ఇక వీలునామా సంగతి ఇక్కడ కలపకు, మనిషి పోయిన క్షణం జీపీఏ కూడా పోతుంది, ఆస్తుల పంపకం దానితో జరగదు. అది విడిగా రాసుకుంటాడు.

మీ చెల్లిని ఆధార్, పాన్, ఫోటోలు సిద్ధం చేసుకోమను. డ్రాఫ్ట్ రాగానే ప్రింటు తీయకముందే నాకు పంపించు, ఆ దానమిచ్చుటకు ఉందో పోయిందో నేనొకసారి చూస్తాను.

బాబాయ్