బాగా ఎండాక అంటే ఎంత? – ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

వేడిగాలితో ఎండబెట్టే యంత్రమైన డీహైడ్రేటర్‌లో బేకన్ జెర్కీ, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసపు ఎండు ముక్కలు, చేసుకునే పద్ధతి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. వంట గురించి రాసినదాన్ని చదివి మాత్రమే అభిప్రాయం చెప్పడం నాకు అలవాటు లేదు. డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను కనుక, మొన్న శనివారం నీ వ్యాసాన్ని వంటగట్టు మీద పెట్టుకుని, అందులో చెప్పినది చెప్పినట్టు చేయడానికి కూర్చున్నాను. బేకన్ ఎలాంటిది కొనాలో, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా ట్రేలలో ఎలా పరచాలో నువ్వు రాసిన తీరు చక్కగా ఉంది. నా చేయి నీ వాక్యం వెంట నడిచింది. ఆ తర్వాత కొన్నిచోట్ల నీ వాక్యం నన్ను నడిదారిలో వదిలేసింది. వాటి గురించే ఈ ఉత్తరం.

"145 డిగ్రీల దగ్గర ఎండబెట్టాలి" అని రాశావు. మొదటి సంగతి, అది ఫారెన్‌హీటో సెల్సియసో చెప్పలేదు. అమెరికాలో ఉన్నవారికి అనుమానం రాదు గాని, తెలుగులో రాసినది హైదరాబాద్‌లోనూ చదువుతారు, అక్కడి ఓవెన్ మీద ఉండేవి సెల్సియస్ అంకెలు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. యంత్రం మీద కనిపించే అంకె గాలి వేడిని చెబుతుంది, మాంసం వేడిని చెప్పదు. ముక్కలోని తడి ఆవిరవుతున్నంతసేపూ ఆ ఆవిరే ముక్కను చల్లబరుస్తూ ఉంటుంది. కొత్త కుండలో నీళ్లు చల్లబడేది ఈ కారణంగానే. చుట్టూ వేడిగాలి తిరుగుతున్నా మాంసం చాలాసేపు ఆ వేడిని అందుకోదు, ఈలోగా తడి తగ్గిన చోట మిగిలిపోయిన సూక్ష్మక్రిములు వేడికి లొంగకుండా మొండికేస్తాయి. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ, ఎండబెట్టడానికి ముందే మాంసం లోపలి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 71 సెల్సియస్‌కు చేరాలని, ఆ తర్వాత యంత్రంలో 130 నుంచి 140 ఫారెన్‌హీట్ వేడి ఎండడం పూర్తయ్యేదాకా నిలకడగా ఉండాలని చెబుతుంది. 1995లో ఓరెగాన్ రాష్ట్రంలో, ఇంటి డీహైడ్రేటర్‌లో ఎండబెట్టిన జింక మాంసం తిన్నవారు ఈ-కోలై అనే సూక్ష్మక్రిమి బారిన పడి జబ్బుపడ్డారు. దుకాణంలో దొరికే బేకన్ చాలావరకు ఉప్పు పట్టించి పొగబెట్టినదే తప్ప వండినది కాదు. నీ వ్యాసంలో ఓవెన్ అనే మాటే లేదు. అక్కడ మాత్రం నేను నీ మాట దాటి, ముక్కలను ముందు ఓవెన్‌లో జాలీ మీద పెట్టి, పచ్చిదనం పూర్తిగా పోయి కొవ్వు చిటపటలాడేదాకా ఉంచాను. నాకు తెలుసు కాబట్టి దాటాను. తెలియనివారు నిన్ను నమ్మి అలాగే చేస్తారు, ఆ తర్వాత పిల్లలకు పెడతారు.

నీ వ్యాసం అనంతపురంలో మీ నాయనమ్మ మిద్దె మీద ఆరేసిన ఉప్పుకండతో మొదలవుతుంది. ఆ పేరా నాకు నచ్చింది, తీసేయమని చెప్పను. కాని ఆ జ్ఞాపకం చేత పని చేయించు. మీ నాయనమ్మ ఉప్పు, పసుపు పట్టించడానికి ముందు కొవ్వును ఏరి పక్కన పెట్టిందని నువ్వే రాశావు, ఎందుకని మాత్రం అడగలేదు. నీరు ఎండుతుంది, కొవ్వు ఎండదు. కరుగుతుంది, మిగిలినది నాలుగు రోజులకు పాత నూనె వాసన కొడుతుంది. ఆమెకు తెలిసిన ఆ సంగతే బేకన్ జెర్కీకి ప్రాణం, ఎందుకంటే బేకన్ పంది పొట్టభాగం నుంచి వస్తుంది, అందులో కొవ్వుకు కొదవ లేదు. ఇంకొక తేడా కూడా చెప్పాలి. ఉప్పుకండనైనా, తెలంగాణలో ఒట్టి తునకలనైనా మనం మళ్లీ వేయించుకునో కూర వండుకునో తింటాం. జెర్కీని సంచి విప్పి నేరుగా నోట్లో వేసుకుంటారు. ఈ రెండూ ఒకటేనన్నట్టు రాస్తే, నాయనమ్మ ఎండలో పెట్టి చేసింది కదా, మనకు ఓవెన్ ఎందుకని పాఠకుడు అనుకుంటాడు. జ్ఞాపకం ఎంత తీయగా ఉన్నా అది పాఠకుణ్ణి తప్పుదారి పట్టించకూడదు.

బేకన్‌ను కూడా ఇంట్లోనే తయారుచేసుకోవచ్చంటూ "కాస్త పింక్ సాల్ట్ వేసి" అన్నావు, అక్కడ నాకు నిజంగా భయం వేసింది. మాంసానికి పట్టించే ఆ ఉప్పులో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది, మామూలు ఉప్పని పొరబడకుండా దానికి గులాబీ రంగు కలుపుతారు. మన పాఠకులకు పింక్ సాల్ట్ అంటే సైంధవ లవణం, హిమాలయన్ ఉప్పు. ఒకరు ఈ నైట్రైట్ ఉప్పు వేయవలసిన చోట సైంధవ లవణం వేస్తే మాంసానికి రక్షణ ఉండదు. ఇంకొకరు సైంధవ లవణం అనుకుని ఈ నైట్రైట్ ఉప్పును కూరలో వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి "కాస్త", "చిటికెడు" పనికిరావు, మాంసం బరువును బట్టి తూకం వేసి చెప్పాలి. లేదంటే ఆ వాక్యమే కొట్టేసి, కొన్న బేకన్‌కే పరిమితమవు. నేనైతే కొట్టేస్తాను.

ఇక "బాగా ఎండాక తీసి డబ్బాలో పెట్టుకోవాలి" అనే చివరి వాక్యం. ముప్పయ్యేళ్ల కిందట ఒక వారపత్రికలో ఒట్టి తునకల గురించి రాస్తూ నేనూ సరిగ్గా ఇదే వాక్యం రాశాను. నెల తిరగకుండా ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది: డబ్బా నిండా బూజు పట్టిందట, కిలోన్నర మాంసం పారబోసిందట, "బాగా అంటే ఎంతండీ?" అని అడిగింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో కిలోన్నర మాంసమంటే ఏమిటో నాకు తెలుసు. ఆమెకు క్షమాపణ రాశాను గాని, ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తెలుగులో మనకు ఆరడం వేరు, ఎండడం వేరు. పైతడి పోతే ఆరినట్టు, లోపలి తడి పోతే ఎండినట్టు. మీగడ తరకలా పైన బిగిసి లోపల మెత్తగా ఉన్న ముక్క ఆరింది, ఎండలేదు. శనివారం నేను చూసినది చెబుతాను. గంట గంటకూ ట్రే బయటికి లాగితే, ముక్కల మీద కొవ్వు సన్నటి చెమట బొట్లలా నిలిచి ఉండేది. పేపర్ టవల్‌తో అద్దితే కాగితం అద్దంలా మారేది. నాలుగోసారికి కాగితం మీద మరకలు మాత్రమే పడ్డాయి. అప్పుడు ఒక ముక్క తీసి గట్టు మీద పూర్తిగా చల్లారనిచ్చాను, వేడి మీద ఏ ముక్కైనా మెత్తగానే ఉంటుంది కాబట్టి. చల్లారాక రెండు వేళ్ల మధ్య వంచాను. ఎర్రటి కండ భాగంలో సన్నటి పగుళ్లు వచ్చాయి, ముక్క మాత్రం విరగలేదు. కొవ్వు చార పగలకుండా వంగింది. కండ అలా పగిలితే ఎండినట్టు, పుటుక్కున విరిగితే ఎక్కువ ఎండినట్టు. నువ్వు కూడా ఇది చేసే ఉంటావు, లేకపోతే నీకు జెర్కీ కుదిరేది కాదు. చేతికి తెలిసినది కలానికి చెప్పలేదు, అంతే.

దాచడం గురించి రెండు ముక్కలు చాలు: గాలి చొరని డబ్బా, ఫ్రిజ్. కొవ్వు తీసిన గొడ్డుమాంసపు జెర్కీకి చెప్పే బయటి నిల్వ గడువులు దీనికి రాయవద్దు.

"నిర్జలీకరణ యంత్రం" అని ఒకచోట, "డీహైడ్రేటర్" అని మరొకచోట వాడావు. రెండోదే ఉంచు, ఇంట్లో అందరూ అనేది అదే.

సవరించిన ప్రతి వచ్చే నెల పదో తేదీలోపు పంపు, నేను ఇంకా ఇక్కడే ఉంటాను. బేకన్ ఇంకో పొట్లం తెప్పించి పెట్టాను. ఈసారి ఓవెన్ దగ్గర కూడా నీ మాట దాటకుండా చేస్తాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి