పాత నాణేలు పోగేసే పిల్లాడికి ఏ చదువు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. చిన్న బంగారు అంగడి ఉంది. మా అబ్బాయి ఇప్పుడే పదో తరగతి పూర్తి చేశాడు. కరిగించడానికి వచ్చే పాత వెండిలోంచి, పాత సామాన్లలోంచి నాణేలు ఏరుకుని, చింతపండుతో తోమి దాచుకుంటాడు. ఇంటర్‌లో హెచ్ఈసీ తీసుకుని ఇదే చదువుతానంటాడు. వాళ్ల నాన్న ఎంపీసీ అంటారు. దీంతో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ చింతపండు ఆపించండి. రాగి నాణెం మీద ఏళ్ల తరబడి పట్టిన పొర ఊడిపోతే మళ్లీ రాదు. సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు. దుమ్ము ఉంటే మెత్తటి కుంచెతో దులిపితే చాలు.

పోగేయడం ఒక్కటే అయితే అది సరదాగా మిగిలిపోతుంది. నాణేన్ని చదవడం వస్తే దానికి దారి ఉంది. ఆ చదువు మీ అంగడి త్రాసు దగ్గరే మొదలుపెట్టవచ్చు. విక్టోరియా రూపాయి తూకం తులం, అంటే 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. 1940లో వెండిని సగానికి తగ్గించారు, 1947కు నికెల్ రూపాయి వచ్చింది. రాణి బొమ్మ పక్కన ‘క్వీన్’ అని ఉంటే 1877కు ముందుది, ‘ఎంప్రెస్’ అని ఉంటే ఆ తర్వాతది. దొంగ నాణెం చాలాసార్లు తూకంలోనే దొరికిపోతుంది, గీటురాయి మీద గీయనక్కర్లేదు. ఈ విద్యలో వాళ్ల నాన్నే మొదటి గురువు. ఆయన్ని కూడా కూర్చోబెట్టండి.

మీ సీమ నాణెమే ఒకటి చెబుతాను. టిప్పు సుల్తాన్ రాగి పైస మీద ఒకవైపు ఏనుగు ఉంటుంది. రెండోవైపు పారసీ లిపిలో ‘ఫైజ్ హిసార్’ అని కనిపిస్తే అది గుత్తి టంకశాలలో అచ్చయినట్టు. ‘జఫరాబాద్’ అంటే గుర్రంకొండ. ఆయన మౌలూదీ శకం (టిప్పు సొంతంగా తెచ్చిన సంవత్సరాల లెక్క) వాడిన నాణేల మీద సంవత్సరం అంకెల్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. లిపి రానివాడికి ఇవన్నీ ఏనుగు బొమ్మ పైసలే. కృష్ణదేవరాయల వరాహమూ (బంగారు నాణెం) అంతే: ముందు బాలకృష్ణుడు, వెనక నాగరి అక్షరాలు. మీవాడికి నాగరి హిందీ పాఠాల్లోనే వచ్చి ఉంటుంది. ఉర్దూ రాసేది పారసీ లిపి నుంచి వచ్చిన అక్షరాలతోనే, అవి నేర్పేవాళ్లకు కడప జిల్లాలో కొరత లేదు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టించండి.

ఇక కొలువుల సంగతి. పురావస్తు శాఖలో, మ్యూజియాల్లో పోస్టులు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. బీఏ హిస్టరీ తర్వాత కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, పుణె డెక్కన్ కాలేజీలోనో పీజీ చేయవచ్చు. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, అరబిక్–పారసీ శాసనాల విభాగం నాగపూర్‌లో ఉంది. భాష మీద పట్టు లేనిదే అక్కడ చోటు దొరకదు. ఎంపీసీలో చేరినా దారి మూసుకుపోదు. అదే శాఖకు డెహ్రాడూన్‌లో సైన్స్ విభాగం ఉంది, పాత లోహాల్ని కాపాడే పని కెమిస్ట్రీ చదివినవాళ్లదే. అయినా నా మాట హెచ్ఈసీకే, ఒక షరతు మీద. ప్రతి నాణేనికీ తూకం, లోహం, రెండు వైపుల బొమ్మలు, ఎక్కడి నుంచి వచ్చిందో నోటుబుక్కులో రాయాలి. కాలేజీలో చేరే వేళకు ఆ పుస్తకం నిండుతుంటే వాణ్ణి ఆపకండి. పెట్టె మాత్రమే నిండుతుంటే నాన్న మాటే వినమనండి. చేతిలో ఒక ఆసరా ఉండాలి కాబట్టి డిగ్రీ తర్వాత బీఈడీ కూడా ఆలోచించండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని ఫోన్లు వస్తే నమ్మవద్దు. పాత నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటించింది. హనుమంతుడి బొమ్మతో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉన్న అణాబిళ్లలు కంపెనీవి కావు, తర్వాత ఎవరో పోతపోసి అమ్ముకున్నవి.

ఒక్కటి మాత్రం అంగడివాళ్లుగా మీకే చెప్పాలి. పొలం దున్నుతుంటే దొరికాయని ఎవరైనా చెంబెడు నాణేలు తెస్తే కొనవద్దు, కరిగించవద్దు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిక్షేపం భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. తెచ్చినవాళ్లను తహసీల్దారు దగ్గరికి పంపండి.