లిస్బన్‌లో ఒక పూట: పాత కొట్లు, పన్ను వాపసు

ప్రశ్న: సెప్టెంబరులో లిస్బన్ వెళ్తున్నాం. మాల్స్ వద్దు. తరాలుగా ఒకే రకం సరుకు అమ్మే చిన్న కొట్లు ఒక పూటలో ఏవి చూడొచ్చు? కొన్నవాటిపై పన్ను వెనక్కిస్తారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒక పూట చాలు. అయితే అది శనివారం మధ్యాహ్నమో ఆదివారమో కాకుండా చూసుకోండి. పాత కొట్లలో కొన్నింటికి అప్పుడు తాళమే.

రొస్సియు కూడలిలో మొదలుపెట్టండి. 1886 నాటి టోపీల కొట్టు అజెవేదు రువా అక్కడే ఉంది. పక్కనే రువా దు కార్ము (రువా అంటే వీధి) ఎక్కితే లువరియా ఉలిసెస్ వస్తుంది. 1925 నుంచి తోలు చేతితొడుగులే అమ్ముతున్నారు. ఇద్దరు నిలబడితే నిండిపోయే కొట్టు, కాబట్టి మీ వంతు వచ్చేదాకా బయటే ఆగాలి. లోపలికెళ్లాక మోచేతిని చిన్న దిండు మీద ఆనించమంటారు. తొడుగు వేళ్లను చెక్క పట్టుతో సాగదీసి, పౌడరు చల్లి, వాళ్లే తొడుగుతారు. ఉంగరాలు ముందే తీసేయండి. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టుకొలతను బట్టి సైజు ఉంటుంది. కాస్త బిగుతుగా ఉన్నదే తీసుకోండి, తోలు వాడేకొద్దీ సాగుతుంది. మన ఎండలకు ఇవెందుకంటారా? షికాగోలోనో టొరంటోలోనో ఉన్న పిల్లలకు పనికొస్తాయి. విజయవాడలో దాచేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టకండి, తేమకు బూజు పడుతుంది. కాగితంలో చుట్టండి.

ఇంకొంచెం పైకి, రువా దు లొరేతులో, 1789 నాటి కొవ్వొత్తుల కొట్టు కాజా దష్ వేలష్ లొరేతు ఉంది. సన్నగా పొడుగ్గా ఉన్నవి కొనకండి, దారిలో విరుగుతాయి.

అక్కడి నుంచి కిందికి, నది వైపు దిగితే రువా దుష్ బకల్యూఎయిరుష్‌లో కొన్సెర్వేయిరా ద లిస్బోవా. 1930లో పెట్టిన చేపల డబ్బాల కొట్టు. డబ్బాను కాగితంలో చుట్టి, దారం కట్టి ఇస్తారు. వీటిని చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి. లోపల నూనె ఉంటుంది కాబట్టి చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేసుకోవచ్చు. పుట్టిన సంవత్సరం ముద్రించిన డబ్బాలు ఊరంతా కనిపిస్తాయి. వాటిలో మీరు డబ్బిచ్చేది బొమ్మకే.

ఇక పన్ను సంగతి. ఐరోపా సమాఖ్య బయట నివసించేవారికే వాపసు. భారత పాస్‌పోర్టు ఉన్నా జర్మనీలో కాపురముంటున్న మీ అబ్బాయి పేరున బిల్లు రాయిస్తే రాదు. ఒక్కో బిల్లులో సరుకు ధర పన్ను కాక 50 యూరోలు దాటాలి. 23 శాతం పన్నున్న సరుకైతే బిల్లు 61.50 దాటాలన్నమాట. వేర్వేరు కొట్ల బిల్లులు కలపరు. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగండి, తర్వాత అడిగితే కష్టం.

చాలామంది పొరబడేది విమానాశ్రయంలో. సామాను ఇచ్చేశాక, ఆ ఫారాన్ని ధ్రువీకరించే యంత్రం దగ్గరికి వెళ్తే, అది కస్టమ్స్‌కి పంపినప్పుడు చూపించడానికి వస్తువు ఉండదు. దుబాయ్ మీదుగా వచ్చేవారు లిస్బన్‌లోనే ముగించాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే, హైదరాబాద్ దాకా పంపే పెట్టెలోని వస్తువులకు లిస్బన్‌లో, చేతిసంచిలోని వాటికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ధ్రువీకరణ చేయించుకోవాలి.