పుస్తకం పొందూరు దాకా వెళ్లిందా?

ప్రశ్న: మేష్టారికి నమస్కారం. మాది పలాస. మా అమ్మాయి కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ నాలుగో ఏడు చదువుతోంది. జూన్ నెలాఖరుకి నేనూ మావారూ వెళ్లి పదిహేను రోజులు ఉండి వద్దామనుకుంటున్నాం. కాలేజీ, హాస్టలు, బజారు తప్ప తనకి ఇంకేమీ తెలియదంటోంది అమ్మాయి. ఆన్‌లైన్‌లో రెండు ఇంగ్లీషు పుస్తకాలు చూశాం. ఒకటి లోన్లీ ప్లానెట్ వాళ్లది, మధ్య ఆసియా దేశాలు ఐదూ కలిపి వేసింది. రెండోది బ్రాట్ వాళ్లది, కిర్గిజ్‌స్తాన్ ఒక్కటే. ఏది కొనమంటారు? కొత్తచోటంటే నాకు చాలా టెన్షన్.
– ఒక టీచరమ్మ, పలాస

జవాబు: అమ్మా, ఒక్క దేశం గురించి రాసిన రెండోదే కొనండి.

ఎందుకంటే, ఆంధ్రా మొత్తానికి కలిపి ఎవరైనా ఒక పుస్తకం రాస్తే మన శ్రీకాకుళానికి దక్కేది అరపేజీ. అరసవల్లి, శ్రీకూర్మం చెప్పేసి విశాఖ వెళ్లిపోతారు. శాలిహుండం ఉంటే మన అదృష్టం. పొందూరు అసలే ఉండదు. పొందూరు వెళ్లి, వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేస్తున్న ముసలమ్మ పక్కన కాసేపు కూర్చుని వచ్చి రాసినవాడి పుస్తకం వేరు. ముప్పై ఏళ్లు పిల్లలకి భూగోళం చెప్పిన నేను ఏ యాత్రా పుస్తకం చేతిలోకి తీసుకున్నా ముందు చూసేది అదే: ఇతను అక్కడి పొందూరు దాకా వెళ్లాడా లేదా?

కిర్గిజ్‌స్తాన్ పొందూరు పేరు కోచ్‌కోర్. బిష్కెక్ నుంచి సుమారు రెండొందల కిలోమీటర్లు. గొర్రె ఉన్నిని తడిపి, నొక్కి, దళసరి గుడ్డలా చేసి, రెండు రంగుల ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా కోసి కుడతారు అక్కడి ఆడవాళ్లు. ఆ తివాచీని షిర్దాక్ అంటారు. అత్యవసరంగా కాపాడుకోవాల్సిన కళల జాబితాలో 2012లో యునెస్కో దాన్ని చేర్చింది. ఆన్‌లైన్‌లో కొన్ని పేజీలు చూడనిస్తారు కదా, ఊళ్ల పేర్ల పట్టికలో కోచ్‌కోర్ వెతకండి. నాలుగు పేజీలుంటే మంచి పుస్తకం. రెండు లైన్లుంటే వద్దు. బ్రాట్ గురించి నాకు భయం లేదు. హిలరీ బ్రాట్ అనే ఆవిడ 1974లో మొదలుపెట్టిన సంస్థ అది. మిగతావాళ్లు పట్టించుకోని దేశాల మీదే వాళ్ల దృష్టి.

తర్వాత చూడాల్సింది సంవత్సరం. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. 2017 సెప్టెంబరులో కిర్గిజ్‌స్తాన్‌లోనే ఉన్న కరాకోల్ అనే ఊరు వెళ్లాను. నా దగ్గరున్న పుస్తకం మీద కిందటేడాది తేదీయే ఉంది. అది మళ్లీ అచ్చువేసిన సంవత్సరమనీ, లోపలి సమాచారం అంతకి ఆరేళ్ల పాతదనీ ఆ సాయంత్రం దాకా నాకు తెలియలేదు. అందులో రాసిన బస ఇంటికి తాళం వేసి ఉంది. చలి, చీకటి, భాష రాదు. ఎదురింటావిడ పిలిచి రొట్టె, టీ ఇచ్చి, ఎవరికో ఫోన్ చేసి రాత్రికి గది చూపించింది. ఆవిడ లేకపోతే ఏమయ్యేదో. కాబట్టి ఏ పుస్తకమైనా అట్ట చూసి కొనకండి. లోపలి పేజీలో ఎన్నో కూర్పో, ఆ కూర్పు ఏ ఏడాదిదో చూడండి.

అది కూడా నమ్మబుద్ధి కాకపోతే ఊరి పేర్లే సాక్ష్యం చెబుతాయి. ఆ దేశాల్లో పేర్లు మారుతూనే ఉంటాయి. బిష్కెక్ 1926 నుంచి 1991 దాకా ఫ్రూంజె. పక్కనున్న కజఖ్‌స్తాన్ రాజధాని అస్తానా 2019లో నూర్‌సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ అస్తానా అయింది. పుస్తకంలో నూర్‌సుల్తాన్ అని ఉంటే ఏ మూడేళ్లలో అచ్చయిందో తెలిసిపోతుంది కదా!

మ్యాపుల్లో ఊరి పేర్లు ఇంగ్లీషుతో పాటు అక్కడి లిపిలో, అంటే రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో కూడా ఉండాలి. బస్సు బోర్డులన్నీ ఆ లిపిలోనే. ఇంగ్లీషు పి లా కనిపించేది అక్కడ ర, సి లా కనిపించేది స. మీరు టీచరు కాబట్టి వారం రోజుల్లో నేర్చేసుకుంటారు. ఇంకో సంగతి. ఓష్ బజారు ఉన్నది బిష్కెక్‌లోనే. ఓష్ అనే ఊరు మాత్రం ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, మధ్యలో పెద్ద కొండలు. వ్యాన్ ఎక్కేముందు ఏ ఓష్ కావాలో గట్టిగా చెప్పండి.

మీరు వెళ్లే నెల మంచిది. మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్న సోన్‌కుల్ సరస్సు దగ్గర గొర్రెల కాపరులు గుడారాలు వేసుకునేది జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. కరాకోల్‌లో అష్లాన్‌ఫూ అని చల్లటి పుల్లటి కారం నూడుల్స్ అమ్ముతారు, మన నోటికి నచ్చుతుంది. వీసా సంగతికి మాత్రం ఏ పుస్తకాన్నీ నమ్మకండి. ఎంబసీ వాళ్లనే అడగండి.

టెన్షన్ పడకండమ్మా. పలాస జీడిపప్పు రెండు కిలోలు పట్టుకెళ్లండి. టీ ఇచ్చినవాళ్లకి తిరిగి ఇవ్వడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలున్నాయి. వాటిలో కిర్గిజ్ రచయిత ఐత్మాతొవ్ 'తొలి ఉపాధ్యాయుడు' ఒకటి. కిర్గిజ్‌స్తాన్ వెళ్లేవాళ్లకి ఇవి ఇప్పుడు పనికొస్తాయా?
– ఒక విద్యార్థి, బొబ్బిలి

జవాబు: దారి తెలుసుకోవడానికి పనికిరావు బాబూ. మనుషుల్ని తెలుసుకోవడానికి వాటిని మించినవి లేవు. 1924లో ఒక కొండ పల్లెలో పాత గుర్రాల కొట్టాన్ని బడిగా మార్చిన ద్యూయిషేన్ కథ చదివాకే నాకు ఆ దేశం వెళ్లాలనిపించింది.

అయితే ఒక్కటి గుర్తుపెట్టుకో. ఐత్మాతొవ్ తండ్రిని స్టాలిన్ కాలంలో, 1938లో కాల్చి చంపారు. ఎక్కడ పాతిపెట్టారో ఆ కుటుంబానికి 1991 దాకా తెలియదు. బిష్కెక్ బయట చోన్‌తాష్ అనే ఊరి దగ్గర ఒకే గోతిలో నూటముప్పై మందికి పైగా ఎముకలు దొరికాయి. అందులో ఆయనా ఉన్నాడు. 2008లో కొడుకు చనిపోతే అక్కడే పాతిపెట్టారు. ఆ చోటిని అటాబెయిత్ అంటారు, తండ్రుల సమాధి అని అర్థం. మీ తాతగారి పెట్టెలోని పుస్తకాల్లో ఇది ఉండదు, ఉండే వీలు లేదు. దీనికోసం 1991 తర్వాత రాసినవి కావాలి. నార్వే రచయిత్రి ఎరికా ఫాట్‌లాండ్ ఆ ఐదు దేశాలూ తిరిగి రాసిన 'సోవియతిస్తాన్' ఇంగ్లీషులో దొరుకుతుంది, దానితో మొదలుపెట్టు. తాతగారి పుస్తకాలు మాత్రం చెదలు పట్టకుండా ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి దాచు. పలాస టీచరమ్మగారు వెళ్లేలోగా 'తొలి ఉపాధ్యాయుడు' ఆవిడకి చదవడానికి ఇస్తానంటే నాకు ఉత్తరం రాయి, నేను అందజేస్తాను.